పొట్లం కట్టిన రంగులు

గణాంకాలతో పని చేసేవారు సరసం తెలియని మనుషులని మనకొక అభిప్రాయం. వాళ్ళు ఎక్కువగా వాడే ఆర్ (R) అనే కంప్యూటర్ భాషలోకి ఒకసారి తొంగి చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. అక్కడ వెస్ యాండర్సన్ అనే అమెరికన్ దర్శకుడి సినిమాల్లోని గులాబీ, నారింజ ఛాయలను ఏరి కట్టిన ప్యాకేజీ ఉంది. ప్యాకేజీ అంటే ఎవరో రాసి అందరికీ పంచిపెట్టే కోడు పొట్లం. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం కళాఖండాల నుంచి తీసిన రంగులకు ఒకటి, చేపల ఒంటి మీది రంగులకు ఒకటి, సోడా డబ్బాల రంగులకు ఒకటి, పోకెమాన్ బొమ్మలకు ఒకటి ఉన్నాయి. న్యూజిలాండ్ పక్షుల ఈకల రంగులతో చేసిన ప్యాకేజీ పేరు మాను. మావోరీ భాషలో మాను అంటే పక్షి. తెలుగులో మాను అంటే చెట్టు కాబట్టి, పక్షి వచ్చి సరైన చోటే వాలిందనుకోవచ్చు.

ఇవన్నీ చేసే పని ఒకటే. చార్టులోని కడ్డీలకో, గీతలకో, పటంలోని జిల్లాలకో వేయడానికి నాలుగైదు రంగులు అందిస్తాయి. ఇంత చిన్న పనికి ఇన్ని ప్యాకేజీలా అని నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకున్నాను. ఆ తర్వాత సొంతంగా ఒకటి కట్టడానికి కూర్చున్నప్పుడు తెలిసింది, పేరు పెట్టడం పది నిమిషాల పని, రంగుల వరస కుదర్చడం పది రోజుల పని అని.

లోపల ఏముంటుంది

పొట్లం విప్పితే కనిపించే సరుకు కొంచెమే. తెర మీద ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల పాళ్ళతో తయారవుతుంది. ఒక్కో కాంతికి 0 నుంచి 255 దాకా 256 మెట్లు ఉంటాయి. మూడూ కలిస్తే 1,67,77,216 రంగులు వస్తాయి. వీటిలో దేన్నయినా హ్యాష్ గుర్తు పెట్టి ఆరు స్థానాల సంకేతంగా రాయవచ్చు. ఒక్కో కాంతికి రెండేసి స్థానాలు, లెక్క మాత్రం పదులలో కాకుండా పదహార్లలో. #000000 అంటే నలుపు, #808080 అంటే బూడిద రంగు, #992211 అంటే బాగా కాలిన ఇటుక ఎరుపు. ఇలాంటి సంకేతాలు నాలుగైదింటిని వరసగా రాసి, ఆ వరసకు ఒక పేరు పెడితే ప్యాలెట్ అవుతుంది. ఇరవై ప్యాలెట్లను ఒక జాబితాలో పెట్టి, పేరు చెప్పి ఎన్ని కావాలో అడిగితే అన్ని రంగులు తీసి ఇచ్చే ఒక చిన్న ఫంక్షన్ రాస్తే ప్యాకేజీకి గుండెకాయ సిద్ధమైనట్టే. వెస్‌యాండర్సన్ ప్యాకేజీలో ఆ ఫంక్షన్ పాతిక ముప్పై వరసలకు మించదు.

మరి జనం ఎందుకు ఎగబడ్డారు? దానికి జవాబు ఆర్ భాష తనంతట తాను ఇచ్చే రంగుల్లో ఉంది.

ఆర్ 1990ల మొదట్లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ చేతుల మీదుగా పుట్టింది. చాలా ఏళ్ళ పాటు దాని పెట్టెలో సిద్ధంగా ఉన్న రంగులు ఎనిమిది: నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, సయాన్, మెజెంటా, పసుపు, బూడిద. ఎరుపంటే నిండు ఎరుపు, పసుపంటే కళ్ళు చెదిరే పసుపు. తిరునాళ్ళలో బుడగలమ్మే మనిషి చేతిలో ఉన్నట్టుండేవి. 2020లో వచ్చిన 4.0.0 వెర్షన్‌లో గానీ వీటి స్థానంలో కాస్త నెమ్మదైన ఛాయలు రాలేదు.

తమాషా ఏమిటంటే, ఆ భాషను కట్టిన ఇద్దరిలో ఒకరైన ఇహాకాకు రంగుల సంగతి బాగా తెలుసు. 2003లో వియన్నాలో జరిగిన సదస్సులో ఆయన చార్టుల రంగుల మీదే వ్యాసం సమర్పించారు. రంగును తెరకు అర్థమయ్యే మూడు కాంతులుగా కాకుండా కంటికి అర్థమయ్యే మూడు గుణాలుగా చూడాలన్నది అందులోని వాదం. ఆ మూడు గుణాలూ ఈ వ్యాసంలో అడుగడుగునా పనికొస్తాయి కాబట్టి తెలుగు పేర్లు పెట్టుకుందాం. ఎరుపా, పచ్చా, నీలమా అనేది వర్ణం. అది ఎంత నిండుగా, ఎంత వెలిసిపోయినట్టు ఉందనేది చిక్కదనం. నలుపు తెలుపుల మధ్య ఎక్కడ నిలుస్తుందనేది వెలుగు. నిండు పసుపు, నిండు నీలం రెండూ తెర లెక్కలో సమానంగా నిండైన రంగులే. కంటి లెక్క వేరు. వెలుగును 100కు కొలిస్తే పసుపుకు సుమారు 97 వస్తుంది, నీలానికి సుమారు 32. ఒకే చార్టులో రెండూ పక్కపక్కన పెడితే పసుపు గీత తెల్ల కాగితంలో కలిసిపోతుంది, నీలం గీత ముందుకు దూకుతుంది. రెండింటి వెనకా ఉన్న అంకెలకు మాత్రం ఆ తేడాతో ఏ సంబంధమూ ఉండదు.

ఈ అన్యాయాన్ని సరిదిద్దాలని హాడ్లీ వికమ్, ఆర్‌లో చార్టులు గీయడానికి తాను కట్టిన జీజీప్లాట్2 ప్యాకేజీలో వేరే దారి పట్టారు. గుంపులు ఎన్ని ఉంటే వర్ణచక్రాన్ని అన్ని సమభాగాలు చేసి, అందరికీ ఒకే చిక్కదనం, ఒకే వెలుగు ఇచ్చారు. వెలుగు అందరికీ 65. రెండు గుంపులే ఉంటే ఒకటి లేత మిరప ఎరుపుకు, మరొకటి నెమలి నీలానికి దగ్గరగా వస్తాయి. జీజీప్లాట్2తో గీసిన చార్టును పది అడుగుల దూరం నుంచి కూడా గుర్తుపట్టగలిగేది ఈ జంట వల్లే. ఎవరూ గట్టిగా అరవరు, ఎవరూ గొణగరు. న్యాయంగా ఉంది.

ఆ న్యాయానికి నేను ఒకసారి మూల్యం చెల్లించాను. రెండు జిల్లాల వర్షపాతం గీతలను ఈ రంగుల్లోనే గీసి, వీధి చివర కొట్లో నలుపు తెలుపు జిరాక్సులు తీయించి పదిహేను మందికి పంచాను. కాగితం మీద రెండు గీతలూ అచ్చంగా ఒకే బూడిద రంగు. ఏ గీత ఏ జిల్లాదని మొదట ఒకరు అడిగారు, తర్వాత అందరూ అడిగారు. వెలుగు ఒక్కటే అయినప్పుడు వర్ణాన్ని తీసేస్తే మిగిలేది ఒకే మచ్చ. సమభాగం చేయాలనే ఆలోచనే నా కొంప ముంచింది.

మూడు రకాల పని

రంగుల ప్యాకేజీలన్నిటికీ పెద్దమ్మ లాంటిది కలర్‌బ్రూవర్. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో పటాల శాస్త్రం బోధించిన సింథియా బ్రూవర్, మార్క్ హారోవర్‌తో కలిసి 2002 ప్రాంతంలో దీన్ని తెచ్చారు. పటాల కోసం చేసినా, ఆర్‌లోకి అది ప్రత్యేక ప్యాకేజీగా వచ్చి స్థిరపడింది. అందులో 35 ప్యాలెట్లు ఉంటాయి. వాటిని అందానికి గాక పనికి తగ్గట్టు విడదీశారు. తక్కువ నుంచి ఎక్కువకు వెళ్ళే అంకెలకు లేత నుంచి ముదురుకు జారే మెట్లు 18. లాభం-నష్టం లాగా మధ్యలో ఒక సున్నా ఉండి ఇరువైపులా సాగే అంకెలకు రెండు కొసల్లో రెండు ముదురు రంగులు, నడుమ లేత రంగు ఉండేవి 9. వరి, పత్తి, మిరప లాగా ఒకదాని మీద ఒకటి పెద్దా చిన్నా కాని గుంపులకు విడివిడి రంగులు 8.

ఈ మూడు గదుల విభజన బుర్రకెక్కితే రంగుల గోల సగం తీరుతుంది. ఏ ప్యాలెట్ చూసినా ముందు అడగాల్సిన ప్రశ్న అందంగా ఉందా అని కాదు, ఏ గదిలో పడుకుంటుంది అని.

ఇంద్రధనుస్సు చిక్కు ఇక్కడే ఉంది. దశాబ్దాల పాటు ఉష్ణోగ్రత పటాలనూ వైద్య చిత్రాలనూ ఇంద్రధనుస్సు రంగుల్లోనే గీశారు. హరివిల్లులో పచ్చ ముందా పసుపు ముందా అని కన్ను తనంతట తాను చెప్పలేదు. బళ్ళో బట్టీ పట్టిన వరస గుర్తు చేసుకోవాలి. పైగా నడుమనున్న పసుపు దగ్గర వెలుగు ఒక్కసారిగా పొంగుతుంది. అంకెల్లో గట్టు లేని చోట కంటికి గట్టు కనిపిస్తుంది. పైథాన్ అనే మరో కంప్యూటర్ భాషలో చార్టులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఈ పద్ధతిని వదిలేసి, స్టీఫాన్ వాన్ డెర్ వాల్ట్, నథానియల్ స్మిత్ 2015లో రూపొందించిన విరిడిస్‌ను 2017 నాటికి తన మామూలు రంగుల వరసగా చేసుకుంది. ముదురు ఊదా నుంచి ఆకుపచ్చ మీదుగా పసుపుకు సాగే ఆ వరసలో వెలుగు మెట్టు మెట్టుగా పెరుగుతుంది, ఎక్కడా తడబడదు. అది ఆర్‌లోకీ వచ్చింది. 2018లో జీజీప్లాట్2 దాన్ని తన సొంత సరుకులో కలుపుకొంది.

కాబట్టి సరదా ప్యాకేజీలు పుట్టిన కాలానికి శాస్త్రం పక్కా రంగులను ఇచ్చేసింది, లేదా ఇవ్వబోతోంది. అయినా జనం సినిమా రంగుల వెంట పడ్డారు. నాకు అందులో తప్పేమీ కనిపించదు. అందరి నివేదికలూ ఒకే ఊదా-పసుపు పూత పూసుకుని వస్తుంటే విసుగు పుట్టదా? చేపల మీద పరిశోధన చేసేవారు తమ చార్టును తాము చదివే చేప రంగుల్లోనే గీయాలనుకుంటే అది ముచ్చటైన కోరిక. చేపల ప్యాకేజీ ఫిషువలైజ్‌లో ప్యాలెట్లకు చేపల శాస్త్రీయ నామాలే పేర్లు. అక్కడ రంగు ఎంచుకుంటూనే జీవశాస్త్రం నేర్చుకుంటారు.

చిక్కు ఎక్కడంటే, సినిమా చట్రంలోనో చిత్రపటంలోనో ఒక రంగు అందంగా ఉండటానికి కారణం దాని పక్కనున్న రంగు, అది పరుచుకున్న మేర. గోడంతా గులాబీ, మూలన చిటికెడు ముదురు ఎరుపు. ఆ పాళ్ళే దర్శకుడి పనితనం. ప్యాలెట్‌గా తీసినప్పుడు పాళ్ళు రాలిపోయి రంగులే మిగులుతాయి. చార్టులో ఏ రంగుకు ఎంత మేర దక్కుతుందో అంకెలు నిర్ణయిస్తాయి, మూలనుండాల్సిన ఎరుపు కాగితమంతా ఆక్రమించవచ్చు.

వెస్‌యాండర్సన్‌లో రాయల్1 అనే ప్యాలెట్ ఉంది. నాలుగు రంగులు: నీలం కలిసిన బూడిద, గట్టి ఎరుపు, మీగడ, ముదురు నారింజ. విడిగా చూస్తే ఎంతో హుందాగా ఉంటాయి. ఈ ప్యాకేజీ మూడు రంగులు అడిగితే జాబితాలో మొదటి మూడింటిని ఇస్తుంది. మూడోది మీగడ. తెల్ల కాగితం మీద మీగడ గీత గీస్తే ఎవరికి కనిపిస్తుంది? మూడో గుంపు మాయమైనట్టే. నాలుగో స్థానంలోని నారింజను ముందుకు జరిపి ఉంటే ఈ గొడవే లేదు. అందులోనే ఉన్న జిస్సూ1 సంగతి వేరు. నీలం నుంచి పసుపు మీదుగా ఎరుపుకు సాగే ఐదు రంగులవి. నడుమ పసుపు వెలుగ్గా, రెండు కొసలూ ముదురుగా ఉంటాయి కాబట్టి సగటుకు అటూ ఇటూ అయిన అంకెలకు బాగా పనికొస్తుంది. దాన్నే జనాభా లాంటి సున్నా నుంచి పైకి పోయే అంకెలకు వాడితే అట్టడుగు జిల్లా, అగ్రస్థానంలో ఉన్న జిల్లా రెండూ సమానంగా ముదురుగా కనిపిస్తాయి. రెండు ప్యాలెట్లూ ఒకే అరలో, ఒకే రకం పేర్లతో ఉంటాయి. ఏది ఏ గదిదో పేరు చెప్పదు.

ఈ విషయంలో నాకు బాగా నచ్చింది మ్యూజియం రంగుల ప్యాకేజీ మెట్‌బ్రూవర్. దానిలో ఒక్కో ప్యాలెట్ కింద మూడు సంగతులు దాచి ఉంటాయి. మొదటిది రంగుల జాబితా, ఒకదాని నుంచి ఒకటి సాఫీగా జారే క్రమంలో. రెండోది అంకెల వరస: రెండే రంగులు కావాలంటే ఏ రెండు, మూడు కావాలంటే ఏ మూడు అన్న ఎంపిక క్రమం. మూడోది వర్ణాంధత్వం ఉన్నవారికి ఈ ప్యాలెట్ పనికొస్తుందా లేదా అన్న అవును-కాదు. చూడటానికి చిన్న అదనమే. కానీ ప్యాకేజీ కట్టినవారు వాడేవారి పక్కన కూర్చుని ఆలోచించిన గుర్తు అది. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ పేరు చూసి వచ్చిన మనిషి తనకు తెలియకుండానే సరైన రెండు రంగులతో వెళ్ళిపోతాడు.

అడిగినన్ని లేకపోతే

ఐదు రంగుల ప్యాలెట్‌ను ఏడు రంగులు అడిగితే ఏం చేయాలి? దీనికి ఒక్కొక్కరిది ఒక్కో మర్యాద. కలర్‌బ్రూవర్ తన దగ్గరున్న గరిష్ఠ సంఖ్య ఇచ్చి హెచ్చరిక రాస్తుంది. మూడు కంటే తక్కువ అడిగినా మూడే ఇస్తుంది, అదొక పట్టుదల. వెస్‌యాండర్సన్ నా దగ్గర అన్ని లేవని చెప్పి ఆగిపోతుంది. మెట్‌బ్రూవర్‌కు రంగులు విడివిడిగా కావాలో, సాఫీగా జారాలో చెప్పకుండా వదిలేస్తే, ఉన్న రంగుల నడుమ కొత్తవి కలిపి అడిగినన్ని ఇస్తుంది.

నడుమ రంగు కలపడం వినడానికి సులభం. ఆర్‌లో దానికి సిద్ధంగా ఉన్న ఫంక్షన్ మామూలుగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల సగటు తీస్తుంది. నిండు నీలానికి, నిండు పసుపుకు నడిమధ్య ఏముంటుందో లెక్క వేయండి. నీలం 0, 0, 255. పసుపు 255, 255, 0. సగటు మూడు చోట్లా 127.5. అంటే బూడిద! కలంకారీ వేసేవారు నవ్వుతారు. వాళ్ళ చేతిలో నీలిమందు అద్దిన గుడ్డ మీద పసుపు పడితే ఆకుపచ్చ వస్తుంది. అద్దకపు రంగు కాంతిని మింగుతుంది, తెర కాంతిని వెదజల్లుతుంది, అందుకే రెండు చోట్లా రెండు ఫలితాలు. వర్ణచక్రం మీదుగా నీలం నుంచి పసుపుకు నడిపించే పద్ధతులూ ఉన్నాయి, వాటిలో దారి మధ్య ఆకుపచ్చ తగులుతుంది. ఆర్‌లో కలర్‌స్పేస్ అనే ప్యాకేజీ ఈ లెక్కలన్నీ చేసి పెడుతుంది. అహిమ్ జైలైస్, కర్ట్ హార్నిక్, పాల్ మురెల్ లాంటివారు దీని మీద ఏళ్ళ తరబడి పని చేశారు. సరదా ప్యాకేజీ కట్టాలనుకునేవారు ముందు దానితో నాలుగు రోజులు గడపడం మంచిది.

గుంపులకు వేసే రంగుల విషయంలో నా ఓటు ఆగిపోయే పద్ధతికే. ఏడు గుంపులున్న గీతల చార్టులో నడుమ కలిపిన రంగులు వాటి ఇరుగుపొరుగును పోలి ఉంటాయి. చదివేవారు సూచికకూ గీతకూ మధ్య కళ్ళు తిప్పుతూ అలిసిపోతారు. లేవు అని చెప్పడంలో అమర్యాద లేదు.

కలంకారీ ఐదు

ఇక నా ప్రయోగం. పెడన అద్దకాల దుప్పటి ఒకటి ఇంట్లో ఉంది, శ్రీకాళహస్తి చేతిరాత గుడ్డ ఒకటి గోడకు వేలాడుతోంది. రంగులు ఎక్కడి నుంచి తీయాలో వెతుక్కోనక్కరలేదు. బెల్లం నీళ్ళలో ఇనుప ముక్కలు ఊరబెట్టి తీసిన నలుపు. పటిక పట్టించిన చోట మరిగించి ఎక్కించిన ఎరుపు. నీలిమందు నీలం. దానిమ్మ తొక్క, కరక్కాయ పువ్వుల పసుపు. నీలం, పసుపు కలిసిన ఆకుపచ్చ. కరక్కాయ, పాలలో నానిన గుడ్డది మీగడ రంగు.

ఫోనులో ఫొటో తీసి, ఫొటోలోని చుక్కల నుంచి సంకేతాలు తీశాను. మొదటి పాఠం అక్కడే. ట్యూబులైటు కింద తీసిన ఎరుపు ఒకటి, వరండాలో ఎండ పడినప్పుడు తీసిన ఎరుపు ఒకటి. ఒకే దారం పోగులో పక్కపక్క చుక్కలు కూడా వేరు రంగులు చూపిస్తాయి. ఫొటోలోంచి తీసిన రంగు అసలైన రంగు అనుకోవడం భ్రమ. అది ఒక ఎంపిక, ఆ ఎంపికకు బాధ్యత తీసినవాడిదే.

రెండోది, మీగడను వదిలేశాను. గుడ్డ మీద అది నేల, గీత కాదు. తెల్ల కాగితం మీద దానికి చోటు లేదు. చార్టు వెనక తలానికి మాత్రం విడిగా ఇచ్చాను.

మూడోది నలుపు, నీలం. కలంకారీ నీలం బాగా ముదురు. సన్నని గీతగా వేస్తే నలుపుకూ దానికీ తేడా పట్టుకోవడం కష్టం. గుడ్డ మీద నలుపు ఆకారాల అంచు గీతగా ఉంటుంది, నీలం లోపల పరుచుకుంటుంది, అందుకే అక్కడ పేచీ లేదు. చార్టు కోసం నీలాన్ని కొంత తేలిక చేయక తప్పలేదు. అన్నీ యథాతథంగా ఉంచాలని పట్టుబడితే గుడ్డకు న్యాయం జరుగుతుంది, చదివేవారికి జరగదు.

నాలుగోది అన్నిటికంటే కష్టపెట్టింది. ఎరుపు, ఆకుపచ్చ. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవారిలో సుమారు 8 శాతం మందికి, ఆడవారిలో సుమారు అర శాతం మందికి ఎరుపు-పచ్చ తేడాలు సరిగా కనిపించవు. ఇతర ప్రాంతాల్లో ఈ శాతాలు వేరు, ఎక్కడా సున్నా మాత్రం కాదు. జపాన్‌కు చెందిన మసటాక ఒకాబే, కెయ్ ఇటో ఇద్దరూ జీవశాస్త్రజ్ఞులు, ఇద్దరికీ ఎరుపు-పచ్చ వర్ణాంధత్వం ఉంది. సూక్ష్మదర్శిని చిత్రాల్లో తోటివారు ఎరుపు, పచ్చ కలిపి వాడుతుంటే విసిగి, అందరికీ పనికొచ్చే ఎనిమిది రంగుల వరసను తయారు చేశారు. ఆర్ 4.0.0 నుంచి విడివిడి రంగులు ఇచ్చే కొత్త ఫంక్షన్‌లో పేరు చెప్పకపోతే వచ్చేది ఈ ఒకాబే-ఇటో వరసే. అందులో ఎరుపు నారింజ వైపు, పచ్చ నీలం వైపు ఒరిగి ఉంటాయి. నేను మరో కిటుకు వాడాను. ఎరుపును ముదురు చేసి, ఆకుపచ్చను తేలిక చేశాను. వర్ణం అర్థం కాని కంటికి వెలుగు తేడా అయినా అందాలి. పైగా జిరాక్సు కొట్టు గుర్తుంది కదా, అక్కడికీ అదే మందు.

చివరికి వరస ఇలా తేలింది: ముదురు ఎరుపు, పసుపు, నలుపు, నీలం, లేత ఆకుపచ్చ. రెండే అడిగితే ఎరుపు, పసుపు వస్తాయి. వెలుగులో చాలా దూరం, వర్ణంలోనూ దూరం. పసుపు కుంకుమలు ముందు వచ్చాయని ఇంట్లో వాళ్ళు సంతోషించారు. నేను వెలుగు లెక్క చూసి పెట్టానంటే ఎవరూ నమ్మలేదు.

పొట్లం కట్టడం

సరుకు సిద్ధమయ్యాక కట్టడం ఉంటుంది. ఆర్ ప్యాకేజీ అంటే ఒక ఫోల్డర్. అందులో పేరు, వెర్షను, కట్టినవారి వివరాలు, లైసెన్సు, ఏ ఇతర ప్యాకేజీలు అవసరమో చెప్పే ఒక ఫైలు. కోడు ఒక చోట, వాడకపు వివరణ ఒక చోట. లైసెన్సు చాలామంది ఎంఐటీ పెడతారు, ఎవరైనా వాడుకోవచ్చని దాని సారాంశం.

ఇతర ప్యాకేజీల విషయంలో పిసినారితనం మంచిది. ఐదు సంకేతాల జాబితాకు జీజీప్లాట్2 మొత్తం అవసరం లేదు. వెస్‌యాండర్సన్ దాన్ని అడగదు. రంగులు ఇచ్చి ఊరుకుంటుంది, వాడేవారే వాటిని జీజీప్లాట్2కు అందిస్తారు. నేరుగా జోడించే ఫంక్షన్లు కూడా రాసిస్తే వాడేవారికి ఒక మెట్టు తగ్గుతుంది, కట్టినవారికి ఒక బరువు పెరుగుతుంది. 2024 ఫిబ్రవరిలో జీజీప్లాట్2 3.5.0 వచ్చినప్పుడు, అటువంటి ఫంక్షన్లలో తప్పనిసరిగా ఉండే ఒక వివరాన్ని ఇక వద్దంది. పాత పద్ధతిలో రాసిన రంగుల ప్యాకేజీలు వాడితే హెచ్చరికలు మొదలయ్యాయి. రంగు మారలేదు, చార్టు మారలేదు, అయినా సరదాకు కట్టిన పొట్లాన్ని మళ్ళీ విప్పి కట్టాల్సి వచ్చింది.

ఇంకో చిన్న చాదస్తం. కలర్ అనే మాటను బ్రిటిష్ వాళ్ళు ఒక అక్షరం ఎక్కువేసి రాస్తారు, అమెరికన్లు తీసేస్తారు. వికమ్ న్యూజిలాండ్ మనిషి కాబట్టి జీజీప్లాట్2కు బ్రిటిష్ స్పెల్లింగు మొదటిది, అమెరికన్ స్పెల్లింగు కూడా చెల్లుతుంది. దాంతో ప్యాకేజీలు కట్టేవారు ఒకే ఫంక్షన్‌ను రెండు స్పెల్లింగుల్లో పెట్టాలి, అవి గీతలకూ చుక్కలకూ. లోపల నింపే రంగుకు మరొకటి. ఒక అక్షరం వల్ల ఎన్ని ఫైళ్ళు పెరిగాయో!

వెస్‌యాండర్సన్ నుంచి నేను సిగ్గు లేకుండా ఎత్తుకున్న కిటుకు ఒకటుంది. అందులో ప్యాలెట్ పేరు అడిగి ఎంటర్ నొక్కితే సంకేతాల బదులు రంగుల పట్టీ గీసి చూపిస్తుంది, పైన పేరుతో సహా. హ్యాష్ సంకేతం చూసి రంగు ఊహించగల మనిషి ఎవరూ లేరు. చీరల కొట్లో మడత విప్పి చూపించినట్టు చూపించాలి.

అందరికీ అందాలంటే క్రాన్‌కు పంపాలి. ఆర్ ప్యాకేజీల అధికారిక గోదాము అది, 20,000కు పైగా ప్యాకేజీలున్నాయి. అక్కడ పేరు విషయంలో పట్టింపు ఎక్కువ. ఇప్పుడున్న, ఇంతకుముందున్న ఏ ప్యాకేజీ పేరుతోనూ కలవకూడదు, పెద్దక్షరం చిన్నక్షరం మార్చి తప్పించుకోవడం కుదరదు. ఒకసారి పెట్టాక పేరు మార్చుకోవడమూ మామూలుగా ఒప్పుకోరు. ప్రతి ఫంక్షన్‌కూ వివరణ, అది ఏమి తిరిగి ఇస్తుందో ఒక మాట, ఆగకుండా నడిచే ఉదాహరణ ఉండాలి. ప్యాలెట్ల పేర్లకూ ఇంత జాగ్రత్త అవసరమే. వెస్‌యాండర్సన్‌లో ఒకప్పుడు జిస్సూ అని, డార్జిలింగ్ అని ఉన్న పేర్లు తర్వాత చివర అంకె తగిలించుకుని జిస్సూ1, డార్జిలింగ్1 అయ్యాయి. పాత పాఠాలు చూసి పాత పేర్లు రాసినవారికి అలాంటి ప్యాలెట్ దొరకలేదన్న జవాబు వస్తుంది. కొత్త రంగులు ఎన్నయినా చేర్చవచ్చు. పాత పేరు మీద చేయి వేస్తే ఎవరి సిద్ధాంత గ్రంథంలోనో మూడో అధ్యాయం చార్టు ఆగిపోతుంది.

ఇన్ని ప్యాకేజీలు పోగయ్యాక వాటన్నిటినీ ఒక చోట చేర్చే ప్యాకేజీ కూడా పుట్టింది. పేరు ప్యాలెటీర్, ఎమిల్ విట్‌ఫెల్ట్ కట్టారు. వేరువేరు ప్యాకేజీల ప్యాలెట్లు అందులో రెండు వేలకు పైగా ఉన్నాయి. కొత్తగా కడుతున్నవారు ముందు అందులో వెతికితే తమ ఆలోచన ఎవరికైనా ముందే వచ్చిందేమో తెలుస్తుంది.

నా పొట్లంలో ఇంకా ఒక్క పని మిగిలింది. ఐదు రంగులకు మించి అడిగినప్పుడు ఫంక్షన్ ఆగిపోయి చెప్పాల్సిన మాట. మొదట "కరక్కాయ నీళ్ళలో ఆరో రంగు ఊరలేదు" అని రాసి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మర్నాడు చదివితే, రాత్రి పదకొండింటికి నివేదిక ముగించాల్సిన మనిషికి ఆ వాక్యంతో ఏమీ తెలియదనిపించింది. తీసేయడానికి మనసొప్పక కింద మరో వాక్యం చేర్చాను: "ఈ ప్యాలెట్‌లో 5 రంగులే ఉన్నాయి, మీరు 7 అడిగారు, చిన్న గుంపులను 'ఇతరాలు' కింద కలపండి, లేదా చార్టును విడివిడి గళ్ళుగా గీయండి."